ఆకుకి చిల్లు కనపడగానే పంపు భుజానికెత్తకండి

సంపాదకుల వారికి నమస్కారం.

మాది చీపురుపల్లి దగ్గర ఒక పల్లె. మీ పేపరు మా ఇంటికి చేరేసరికి పొద్దున్న ఏడు దాటుతుంది, రాగానే నేను ముందు తిప్పేది వ్యవసాయం పేజీయే. చాలా ఏళ్ళు ఇంటర్ పిల్లలకి బోటనీ చెప్పి రిటైరయ్యాను, ఉన్న రెండెకరాలు కౌలుకిచ్చాం, పెరట్లో నాలుగు కూరగాయ మొక్కలు వేసుకుంటాను. మొన్న మొక్కజొన్నలో కత్తెర పురుగు గురించి వేశారు. ఏ మందు, లీటరు నీటికి ఎంత, ఎన్ని రోజులకి రెండోసారి కొట్టాలి, అన్నీ ఉన్నాయి. తప్పు రాశారని అనను. కానీ ఇన్నేళ్ళుగా ఆ పేజీ చదువుతున్నాను, పురుగు కొరికినప్పుడు మొక్క తనంతట తాను ఏం చేస్తుందో ఒక్క వారమైనా నాలుగు వాక్యాలు వేసినట్టు నాకు గుర్తు లేదు. అది అడగడానికే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, ఓపికగా చదవండి.

పోయిన రబీలో జరిగింది చెప్తాను. మా పొలం కౌలుకి చేసే అతను మొక్కజొన్న వేశాడు. మొలిచి ఇరవై రోజులైందో లేదో, ఒక పొద్దున్న ఆకు తెంపుకొచ్చి మా అరుగు మీద పెట్టాడు. ఆకుకి అడ్డంగా వరసగా చిల్లులు, దబ్బనంతో పొడిచినట్టు. నేను కళ్ళజోడు పెట్టుకుని చూసేలోపే బండెక్కి వెళ్ళిపోయాడు. మండల కేంద్రంలో మందుల షాపాయన ఆ ఆకు వైపు చూడనైనా చూడలేదట, రెండు సీసాలు, వాటితో పాటు ఏదో టానిక్ పేకెట్టు చేతిలో పెట్టి అన్నీ కలిపి కొట్టెయ్యమన్నాడట, డబ్బులు పంట వచ్చాక ఇవ్వొచ్చన్నాడట. సాయంత్రానికల్లా చేనంతా కొట్టేశాడు. మర్నాడు తెల్లారగానే నేను చేలోకి దిగి అయిదు చోట్ల, చోటికి ఇరవై మొక్కలు చొప్పున చూసుకుంటూ వెళ్ళాను. నూటిలో చిల్లులున్నవి మూడు. మొవ్వులో తడి రెట్ట, అదే రంపపు పొట్టులా కనపడుతుందే అది, ఒక్క మొక్కలోనే ఉంది. కింద మట్టి మీద మాత్రం పంటకి మేలు చేసే అక్షింతల పురుగులు వెల్లకిలా పడున్నాయి. పదకొండు దాకా లెక్కపెట్టి ఇంక ఆపేశాను, చూడబుద్ధి కాలేదు.

"ఎందుకు బాబూ అంత తొందర" అని అడిగితే, "ఏటమ్మా, పురుగు తినేస్తంటే సూస్తా కూకోమంటారేటి?" అన్నాడు. అతని మాటలో తప్పేం లేదు. అప్పు తెచ్చి పెట్టిన పంట, టెన్షన్ ఉండదా మరి. అయితే కొరుకుడు పడిన దగ్గర్నుంచి మొక్క కూడా చూస్తూ కూర్చోదని అతనికి ఎవరూ చెప్పలేదు. మందు అమ్మేవాళ్ళు ఎలాగూ చెప్పరు. చెప్పాల్సిన మేమూ, మీరూ చెప్పలేదు.

1972లో అమెరికాలో, వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో, క్లారెన్స్ రయన్ అనే బయోకెమిస్టు, ఆయనతో పనిచేసే గ్రీన్ కలిసి ఒక సంగతి బయటపెట్టారు. టమాటా, బంగాళాదుంప ఆకుల్ని కొలరాడో పెంకు పురుగు కొరికితే, కొన్ని గంటల్లో ఆ ఆకులో కొన్ని ప్రోటీన్లు పోగుపడటం మొదలవుతుంది. విచిత్రం ఏమిటంటే పురుగు ముట్టుకోని ఆకుల్లో కూడా అవే పోగుపడుతున్నాయి. కింద ఆకుకి దెబ్బ తగిలితే పైన ఆకు సిద్ధమైపోతోందన్నమాట. పురుగే కొరకాలని కూడా లేదు, ఆకుని దేనితోనైనా నలిపి గాయం చేసినా ఇది జరుగుతుంది. రెండు రోజులయ్యేసరికి ఆ ప్రోటీన్లు ఆకుల్లో బాగానే పేరుకుంటాయి.

వీటిని ప్రోటీనేజ్ ఇన్హిబిటర్లు అంటారు. పేరు పెద్దదే గానీ పని సులువుగా అర్థమవుతుంది. ఆకు తిన్న పురుగు అందులోని ప్రోటీన్ని అరిగించుకోవాలంటే దాని కడుపులో ట్రిప్సిన్ లాంటి ఎంజైములు ఆ ప్రోటీన్ని ముక్కలు చెయ్యాలి. మన పొట్టలోనూ ట్రిప్సిన్ ఉంది. ఈ ఇన్హిబిటర్ వెళ్ళి సరిగ్గా ఆ ఎంజైము పనిచేసే చోట దూరి ఇరుక్కుపోతుంది, తాళం రంధ్రంలో పుల్ల విరిగి ఉండిపోతే తాళంచెవి దూరదు చూడండి, అలాగ. పురుగు వెంటనే చావదు. తింటూనే ఉంటుంది కానీ ఒంటికి పట్టదు. ఎదుగుదల మందగిస్తుంది, ఆకుల మీద ఎక్కువ రోజులు చిన్న పురుగుగానే తిరగాల్సి వస్తుంది, అన్ని రోజులూ పిట్టలకీ సాలీళ్ళకీ అందుబాటులో ఉంటుంది.

ఇది పుస్తకంలో చదివి వదిలెయ్యలేదు నేను. రిటైరవడానికి రెండేళ్ళ ముందు సెకండియర్ పిల్లలతో చేయించాను. కాలేజీ వెనక కుండీల్లో టమాటా మొక్కలు, కొన్నిటి కింది ఆకుల్ని రెండు రోజులు వరసగా కటింగ్ ప్లేయరుతో నొక్కి నలిపించాను, కొన్నిటిని ముట్టుకోనివ్వలేదు. లద్దె పురుగు గుడ్లు పిల్లలే తెచ్చారు, ఎవరిదో పొలంలో ఆముదపు ఆకు వెనక దొరికాయి, గోధుమ రంగు నూగుతో దూది అతికించినట్టు ఉంటాయి. పొదిగి బయటికొచ్చిన పిల్ల పురుగుల్ని రెండు హార్లిక్స్ సీసాల్లో వేసి మూతికి పల్చటి గుడ్డ కట్టి, ఒక సీసాలో దెబ్బ తిన్న మొక్కల పై ఆకులు, రెండోదాంట్లో దెబ్బ తినని మొక్కల ఆకులు రోజూ వేశాం. ఎనిమిదో రోజున స్కేలు పక్కన పెట్టి కొలిస్తే, మంచి ఆకులు తిన్న పురుగులు నిండుగా, నల్లటి మచ్చలు స్పష్టంగా కనపడేంత పెద్దవయ్యాయి, దెబ్బ తిన్న మొక్కల ఆకులు తిన్నవి వాటిలో సగం కూడా లేవు. సీసా అడుగున రెట్ట మాత్రం దేనికీ తక్కువ లేదు. "మేడమ్, ఇవి తిన్నాయి కదా, మరి ఎందుకు ఎదగలేదు?" అని ఒకమ్మాయి అడిగింది. నేను పాఠం చెప్పిన ఇన్నేళ్ళలో నాకు బాగా నచ్చిన ప్రశ్న అది. ఒక్కసారి చేసినదాన్ని రుజువని చెప్పను, రెండు సీసాలతో ఏదీ తేలదు. కానీ ఆ సీసాలు చూసినవాళ్ళెవరూ మొక్కని మళ్ళీ ఊరికే నిలబడిన వస్తువులా చూడలేదు.

ఇదే జాతి ప్రోటీన్లు గింజల్లో పుట్టుకతోనే ఉంటాయి, గాయం అక్కర్లేదు. ఉలవలు ఎడ్లకి పెట్టేటప్పుడు మా నాన్న ఉడకబెట్టకుండా ఒక్కరోజూ పెట్టలేదు. పచ్చి ఉలవల్లో ట్రిప్సిన్ని పట్టేసే ప్రోటీన్లు ఉంటాయి, ఉడికిస్తే చాలావరకు చచ్చుబడతాయి. ఉద్దానం వాళ్ళు పనస పిక్కలు కాల్చో ఉడకబెట్టో తింటారు, దానికీ ఇదే కారణం చెప్పుకోవచ్చు. వంకాయ కోయగానే నల్లబడుతుందని మనం ఉప్పు నీళ్ళలో వేస్తాం కదా, ఆ నల్లదనం కూడా గాయానికి మొక్క ఇచ్చే జవాబే. కత్తి పడగానే కణాలు చితికి పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము పనిలోకి దిగుతుంది. టమాటా ఆకుల్లో ఈ ఎంజైము కూడా గాయం తర్వాత పెరుగుతుంది, అది తయారుచేసే పదార్థాలు ఆకులోని ప్రోటీన్లకి అంటుకుపోయి వాటిని పురుగుకి పనికిరాకుండా చేస్తాయి. బొప్పాయి కాయకి గీత పెడితే కారే పాలలో ఉండే పపెయిన్ సంగతి మాంసం వండేవాళ్ళకి తెలుసు, ముదురు మాంసాన్ని మెత్తబరిచే ఎంజైము అది, లేత పురుగు కడుపులోకి వెళ్తే ఊరుకుంటుందా.

ఇంతకీ కింద ఆకుకి తగిలిన దెబ్బ పై ఆకుకి ఎలా తెలిసింది? మొక్కకి నరాలు లేవు, రక్తం లేదు. ఇది తేల్చడానికి రయన్ బృందానికి దాదాపు ఇరవై ఏళ్ళు పట్టింది. 1991లో టమాటా ఆకుల నుంచి ఒక చిన్న పదార్థాన్ని వేరు చేశారు, పట్టుమని 18 అమైనో ఆమ్లాల గొలుసు, సిస్టమిన్ అని పేరు పెట్టారు. మొక్కల్లో హార్మోను పని చేసే పెప్టైడ్ దొరకడం అదే మొదలు. ఇది టమాటా, బంగాళాదుంప, మిరప కుటుంబానికి చెందింది. ఇది జాస్మోనిక్ ఆమ్లం తయారీని లేపుతుంది, జాస్మోనిక్ ఆమ్లం మాత్రం వరి, మొక్కజొన్నతో సహా అన్ని పంటల్లోనూ ఉన్నదే, గాయం సంగతి జన్యువులకి చేరి ఆ ప్రోటీన్లు తయారవడం మొదలయ్యేది దాని వల్లే. నేను చెప్పిన ఇంటర్ పుస్తకంలో మొక్కల హార్మోన్లంటే ఆక్సిన్, జిబ్బరెల్లిన్, సైటోకైనిన్, ఇథిలీన్, అబ్సిసిక్ ఆమ్లం, ఈ అయిదే. గాయం హార్మోనుకి చోటు లేదు, నాకు చాలా రోజులు అది బాధగానే ఉండేది.

ఆ జాస్మోనిక్ పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నారు? మన జాజి పువ్వు నుంచే. దాని దగ్గరి చుట్టం మిథైల్ జాస్మోనేట్‌ని 1962లో జాజి నూనెలో మొదట గుర్తించారు, జాజికి ఆ వాసన ఇచ్చేవాటిలో అదొకటి. 1990లో ఫార్మర్ అనే శాస్త్రవేత్త, రయన్ ఇద్దరూ ఒక మూసిన గాజు గదిలో టమాటా మొక్కల పక్కన సేజ్‌బ్రష్ అనే పొద కొమ్మలు పెట్టారు, దాని ఆకుల్లో ఈ మిథైల్ జాస్మోనేట్ ఉంటుంది. రెండూ ఒకదాన్నొకటి తాకలేదు, గాలిలో వాసన ఒక్కటే చేరింది, దానికే టమాటా ఆకులు ఇన్హిబిటర్లు తయారుచేశాయి. ఆ పొద ఏ జాతిదో తెలుసా, వినాయక చవితికి మనం పత్రిలో మొట్టమొదట పెట్టే మాచిపత్రి జాతిదే. మాచిపత్రి ఆకు నలిపి వాసన చూసినప్పుడల్లా నాకు ఆ గాజు గదే గుర్తొస్తుంది.

2018లో విస్కాన్సిన్ యూనివర్సిటీలో టొయోటా, గిల్రాయ్ అనే శాస్త్రవేత్తలు మరో మెట్టు ఎక్కారు. ఆవాల కుటుంబానికి చెందిన ఒక చిన్న మొక్కలో కాల్షియం పెరిగిన చోట వెలుగు వచ్చేలా చేసి, దాని ఆకుని గొంగళిపురుగు కొరుకుతుంటే వీడియో తీశారు. కొరికిన చోట వెలుగు లేచి, సెకనుకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున ఈనెల వెంట పాకుతూ రెండు మూడు నిమిషాల్లో దూరపు ఆకులకి చేరింది. దాన్ని మొదలుపెట్టేది గ్లుటమేట్, మన మెదడులో నరాలు ఒకదానికొకటి కబురు అందించుకునేదీ దానితోనే. మొక్కల్లో విద్యుత్ స్పందనలు ఉంటాయని జగదీశ్ చంద్రబోస్ గారు వందేళ్ళ కిందటే కొలిచి చూపిస్తే ఒప్పుకోనివాళ్ళు చాలామంది ఉన్నారు.

మొక్కజొన్న దగ్గరికి వస్తాను, మా కౌలు రైతుకి కావలసింది అదే. కత్తెర పురుగు పుట్టిల్లు అమెరికా ఖండాలు, మన దేశంలో 2018లో కర్ణాటకలో మొదట కనపడింది, అక్కణ్ణుంచి మన రణస్థలం, లావేరు వైపు చేల దాకా రావడానికి ఎంతో కాలం పట్టలేదు. అమెరికాలోని మిసిసిపీలో తయారుచేసిన ఒక మొక్కజొన్న రకంలో, ఈ పురుగు మొవ్వులో కొరికిన గంటలోపే అక్కడ ఒక ప్రోటీన్ పోగుపడుతుందని చూశారు. అది ఇన్హిబిటర్ కాదు, పురుగు పేగు లోపలి పల్చటి పొరనే చిల్లులు పొడిచే ఎంజైము. అది ఆ రకం గొప్పతనం, అన్ని హైబ్రిడ్లలోనూ అలాగే ఉంటుందని ఎవరూ అనుకోవద్దు. కానీ ఇంకో గుణం ఉంది, అది మన కంటి ముందు నడిచేదే. లద్దె పురుగు కొరికిన మొక్కజొన్న ఆకు ఒక ప్రత్యేకమైన వాసన వదులుతుంది, ఆ వాసన పట్టుకుని పురుగు ఒంట్లో గుడ్లు పెట్టే చిన్న కందిరీగలు వెతుక్కుంటూ వస్తాయి. 1990లో టర్లింగ్స్, టమ్లిన్సన్, లూయిస్ అనే శాస్త్రవేత్తలు దీన్ని చూపించారు. ఆకుని ఊరికే బ్లేడుతో కోస్తే ఆ వాసన అంతగా రాదు, కోసిన చోట పురుగు ఎంగిలి తగిలితే వస్తుంది. అంటే కొరికింది ఎవరో కూడా మొక్క పసిగడుతోంది.

ఇప్పుడు ఆ పదకొండు అక్షింతల పురుగుల సంగతి ఆలోచించండి. నూటిలో మూడు మొక్కలు కొరుకుడు పడి, సాయానికి కబురు పెట్టి ఉంటాయి. వచ్చినవాళ్ళనీ, రాబోయేవాళ్ళనీ మనమే ఆ సాయంత్రం చంపుకున్నాం, పైగా డబ్బులిచ్చి.

మందు అసలు కొట్టొద్దని నేను చెప్పడం లేదు, అలా చెప్తే అబద్ధమవుతుంది, రైతు నష్టపోతాడు. మొక్క రక్షణకి హద్దులున్నాయి. చాలా పురుగులు ఇన్హిబిటర్లకి లొంగని వేరే ఎంజైములు తయారుచేసుకుని తట్టుకుంటాయి, అందుకే టమాటా మీద లద్దె పురుగు ఇప్పటికీ బతుకుతోంది. తెల్లదోమ లాంటి రసం పీల్చే పురుగులైతే ఆకుని పెద్దగా గాయపరచకుండా సన్నటి గొట్టం దించి తాగుతాయి, మొక్క దాన్ని తెగులు అనుకుని వేరే రకం జవాబుకి దిగి, జాస్మోనిక్ దారిని వెనక్కి నెట్టేసుకుంటుంది. ఈ ప్రోటీన్లు తయారు చెయ్యడానికి మొక్కకీ ఖర్చుంటుంది, ఆ నత్రజని ఎదుగుదలకి వెళ్ళాల్సింది, అందుకే గాయం అయ్యేదాకా ఆగుతుంది. అలాగని యూరియా గుప్పిస్తే లాభం లేదు, ఆకులు మెత్తగా పచ్చగా ఏపుగా వచ్చి పురుగుల్నే పిలుస్తాయి, వరిలో ఆకుముడత, సుడిదోమ ఎక్కువ యూరియా వేసిన మడిలోనే ముందు దిగుతాయని మన రైతులకి తెలిసిందే.

కాబట్టి కావలసింది లెక్క. కత్తెర పురుగుకి లేత దశలో నూటికి 5 మొక్కలు దెబ్బతిన్నప్పుడు వేప గింజల కషాయం 5 శాతంతో మొదలుపెట్టమని వ్యవసాయ శాఖ సలహాల్లోనే ఉంది, రసాయన మందు తర్వాతి మాట. వరిలో కాండం తొలుచు పురుగుకి చదరపు మీటరుకి ఒక రెక్కల పురుగో ఒక గుడ్ల సముదాయమో కనపడితే అప్పుడు కొట్టాలి. ఇవి పొలంబడిలో చెప్తారు, వినేది పాతికమంది. మీ పేపరు చేరేది ఊరూరా. మీరు మందు పేరు పెద్ద అక్షరాల్లో వేస్తారు, ఎన్ని మొక్కలు పాడైతే కొట్టాలన్నది ఎక్కడో వ్యాసం మధ్యలో ఒక ముక్కగా వస్తుంది, చాలాసార్లు అదీ రాదు.

నేను అడిగేది రెండే. వ్యవసాయం పేజీలో మందు పేరు వేసిన ప్రతిసారీ దాని పైన, అంతే పెద్ద అక్షరాల్లో, ఎన్ని మొక్కలు చూడాలి, అందులో ఎన్ని దెబ్బతింటే కొట్టాలి అన్నది వెయ్యండి. రెండోది, మన నైరా వ్యవసాయ కళాశాలలో చదివిన పిల్లలు, చెప్పే సార్లు ఉన్నారు, పురుగు కొరికితే వరి ఏం చేస్తుంది, మొక్కజొన్న ఏం చేస్తుంది, జీడిమామిడి బంక ఎందుకు కారుస్తుంది అని వారానికొక పంట మీద వాళ్ళ చేత మామూలు మాటల్లో రాయించండి. నన్ను రాయమన్నా రాస్తాను, ఏమీ ఇవ్వక్కర్లేదు.

మా కౌలు రైతుకి చదువు రాదు. ఎనిమిదో తరగతి చదివే వాళ్ళ అమ్మాయి సాయంత్రం బడి నుంచి వచ్చాక మా అరుగు మీద కూర్చుని మీ పేపరు గట్టిగా చదువుతుంది, అతను బీడీ ఆర్పేసి వింటాడు. ఆ పిల్ల తడుముకోకుండా చదివేలా రాయించండి.

ఇట్లు,
రిటైరైన ఒక బోటనీ లెక్చరర్,
చీపురుపల్లి మండలం, విజయనగరం జిల్లా.